రూతమ్మ పేరుకు మూడు ముక్కలు

మా చర్చి కోత పండుగ కరపత్రాన్ని ఈసారి నేనే ఇంక్‌స్కేప్‌లో తయారు చేశాను. అది బొమ్మలు గీసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. నేనేమో బడిలో లెక్కల టీచర్ని. నా ఫాంటు ప్రెస్సులో ఉండదని అక్షరాలన్నిటినీ బొమ్మలుగా మార్చి, అదే ఫైలు మీద సేవ్ చేసేశాను.

ఈ మధ్యాహ్నం మంచిర్యాల ప్రెస్సులో ప్రూఫ్ చూస్తూ పేర్లు సరిచూసుకున్నాను. కృతజ్ఞతల జాబితాలో పెద్దలందరూ ఉన్నారు. ప్రతి ఆదివారం చర్చి ఊడ్చే రూతమ్మ లేదు. జాబితా రాసిందీ నేనే.

"అన్నా, జర ఒక్క పేరు టైపు చెయ్యవా?" అని ప్రెస్సాయన్ని అడిగాను.

"ఏడ చెయ్యాలె మేడం? గివి అక్షరాలు కావు, బొమ్మలు. నా ఫాంటుల కొడితె ఆమె పేరొక్కటే అలగ్ కనవడ్తది."

అలా వేరుగా కనబడకూడదనిపించింది. జాబితాలో ఉన్న రూబెన్ గారి పేరులోంచి ‘రూ’, సుజాత గారిలోంచి ‘త’, సుందరమ్మ గారిలోంచి ‘మ్మ’ కాపీ చేసి పక్కపక్కన పేర్చాం. ‘త’ కాస్త కిందికి జారితే ఆయనే సరిచేశాడు.

ముగ్గురు పెద్దలు తలా ఒక అక్షరం ఇస్తేగానీ రూతమ్మకు చోటు దొరకలేదు. ఇచ్చినట్టు వాళ్లకింకా తెలియదు. మీ కరపత్రాల్లో ఎప్పుడూ మరిచిపోయే పేరు ఎవరిది?