కొరుగ్యెండో మోసిన డోలీ

కొరుగ్యెండో డోలీలోనే పుట్టింది. నెలలు నిండిన తల్లిని కొండ దింపుతుంటే, ఆసుపత్రి ఇంకా సగం దారి ఉందనగా భూమ్మీద పడింది. అందుకే ప్రయాణం అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. యాభై ఏళ్ల తర్వాత, డోలీ ముట్టుకుందని ఆమెకే తప్పు వేశాం. వేశాం అంటున్నాను, ఎందుకంటే డోలీ సంఘం కార్యదర్శిని నేనే.

మా కిగేజీ కొండల్లో బండి దారి లేని ఊళ్లలో మాదొకటి. జబ్బు చేసినవాళ్లను నలుగురు మోయాల్సిందే. ఇంటికొక మగవాడు సంఘంలో ఉంటాడు. కొమ్ము ఊదగానే పరుగున రావాలి. మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేస్తాం, ఆ ఇంటివాళ్లకు భుజం పట్టం. మోసేది మగవాళ్లే కాబట్టి ఆడవాళ్ల పేర్లు పట్టీలో ఉండవు.

మొగుడు పోయాక కొరుగ్యెండో జొన్నచేను చేసుకుంటూ ఒంటరిగా బతికింది. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి, శ్రుతి తప్పినా సిగ్గుపడకుండా పాడేది. ఎవరింట్లో జబ్బు చేసినా కట్టెలూ నీళ్లూ ఆమె నెత్తిమీదే వెళ్లేవి. నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

మొన్న వానాకాలంలో ఒక శనివారం పొద్దున, చర్చి అరుగు మీద మా సమావేశం జరుగుతుండగా బురద కాళ్లతో వచ్చింది.

“కెబిరుంగికి నిన్నటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని చేతులెత్తేసింది. లేవండి.”

సంఘం పెద్ద రువామఫా. చర్చిలో వాక్యం చెప్పేదీ ఆయనే. అంతకుముందు ఆదివారమే, ఒకరి బరువు ఒకరు మోయాలని గంటసేపు చెప్పి మమ్మల్ని ఏడిపించాడు. ఇప్పుడు నా వైపు తిరిగాడు.

“ఆ ఇల్లు పట్టీలో ఉందేమో చూడవయ్యా.”

చూడక్కర్లేదు. కెబిరుంగి మొగుడు ఎంద్యనాబో పేరు కొట్టేసింది నేనే. గీత తిన్నగా రావాలని స్కేలు పెట్టి మరీ కొట్టాను.

“మూడుసార్లు కొమ్ముకి రాలేదు,” అన్నాను.

“టీ తోటల్లో కూలికి పోయినోడికి ఇక్కడ ఊదిన కొమ్ము వినపడుద్దా?” అంది కొరుగ్యెండో.

“అందరికీ ఏదో ఒక సాకు ఉంటుందమ్మా,” అన్నాడు రువామఫా. “ఇవాళ ఒకరికి సడలిస్తే రేపు కర్ర కింద భుజం పెట్టేవాడే ఉండడు. అప్పుడు అందరం చస్తాం.”

ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే దాన్ని పట్టుకుని గంటసేపు వాదించుకున్నాం. తప్పు వేసి మోద్దామని కొందరు, మొగుడొచ్చి క్షమాపణ అడగాలని కొందరు. ఆ గంట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడ ఒక ఆడకూతురు చావుబతుకుల్లో ఉంటే, ఇక్కడ మేం నియమాలు నెమరేస్తూ కూర్చున్నాం.

కొరుగ్యెండో ఇక ఆగలేదు. గోడకు ఆనించిన డోలీని లాగింది.

“మీ భుజాలు మీ దగ్గరే దాచుకోండి పెద్దాయనా, చెదలు పట్టకుండా చూసుకోండి. మాకు నెత్తులున్నాయి.”

మరో అయిదుగురు ఆడవాళ్లు వచ్చారు. కెబిరుంగిని డోలీలో పడుకోబెట్టి, నెత్తిన చుట్టకుదుర్లు పెట్టుకుని, కర్రలు వాటి మీద ఆనించి, నలుగురు మోస్తే ఇద్దరు పక్కన నడుస్తూ, మార్చుకుంటూ జారుడు బురదలో కొండ దిగారు. నేను ఒళ్లో పట్టీ పెట్టుకుని అరుగు మీదే కూర్చుని చూశాను. అంత చేతగానివాణ్ని.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఒక్క గంట ముందు తెచ్చుంటే బాగుండేదని నర్సు అందట.

ఆదివారం రువామఫా అంతా దేవుడి చిత్తం అన్నాడు. మేం తగలేసిన గంటను తీసుకెళ్లి దేవుడి నెత్తిన రుద్దాడు. దైవదూషణ అంటే ఇంకేముంటుంది? పైగా ప్రార్థన అయ్యాక, అడగకుండా డోలీ తీసినందుకు కొరుగ్యెండోకు తప్పు వేశాం. సంఘానికి ఒక కుండ జొన్నగంజి.

ఆమె డోలీ మోసి పట్టేసిన మెడకు గుడ్డ చుట్టుకుని లేచింది.

“కాచి పెడతా. మా ఇంట్లో ఉంటది. మోసుకుపోండి. మోసేది మగాళ్లేగా.”

ఒక్క మగమహారాజూ వెళ్లలేదు.

మర్నాడు నేను వెళ్లాను. కుండ నిండుగా ఉంది.

“సంఘానికా?” అంది.

“కాదక్కా. కెబిరుంగికి.”

తన చుట్టకుదురు తెచ్చి నా నెత్తిన పెట్టింది. “భుజాన పెడితే ఒలుకుద్ది. ఇలా పట్టుకో.”

రువామఫా వాకిలి ముందు నుంచే నడిచాను. పిల్లలు నవ్వారు.

కెబిరుంగి గుమ్మంలో కూర్చుని ఉంది. రొమ్ములు పాలతో గడ్డకట్టి, గుడ్డ బిగించి కట్టుకుంది. నెత్తిన కుండతోనే ఆమె ముందు నిలబడ్డాను.

“అమ్మా, నీ మొగుడి పేరు కొట్టేసింది నేనే.”

“తెలుసు బాబాయ్,” అంది. “ముందు ఆ కుండ దించు. మెడ పట్టేస్తది.”