బాపు తొడుక్కున్న గాజులు

ఆ రోజుల్లో మా యాకుత్‌పురాలో ఆడపిల్ల చదువుకుంటోందంటే టీచరమ్మో నర్సమ్మో అవుతుందని గల్లీ మొత్తానికీ ముందే తెలిసిపోయేది. మూడో దారి ఒకటుందని ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. పీయూసీలో నా మార్కులు చూసి ఏ కాలేజీవాళ్లూ నన్ను ఆప్యాయంగా పిలవకపోవడంతో, అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక ధర్మ దవాఖానలో నడిచే సర్టిఫికెట్ కోర్సులో చేరాను. ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అని దాని పేరు. పక్షవాతం వచ్చినవాళ్లకీ, దెబ్బలు తగిలి చేతులు చచ్చుబడినవాళ్లకీ మళ్లీ అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం, తమ పని తాము చేసుకోవడం నేర్పే విద్య అది. ఇవాళ ఇంత చక్కగా చెబుతున్నాను గానీ అప్పుడు ఇంట్లో చెప్పడానికి నాకు నోరు తిరగలేదు. మా బాపు బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసేవాడు. చాలాసేపు ఆలోచించి, "అంటే బువ్వ తినుడు నేర్పుతవా బిడ్డా? గదేం సదువు? గది మీ అమ్మ నీకు ఫుకట్ల నేర్పలే?" అన్నాడు. మర్నాటి నుంచి పాల గిరాకీలందరికీ మాత్రం "మా బిడ్డ డాక్టర్ల పక్కన కూసుంటది" అని చెప్పుకున్నాడు (అది కూర్చునే పని కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది).

నిజం చెప్పాలంటే, మంచి ఇంట్లో పెరగడమే ఆ చదువుకు నాకు పెద్ద అడ్డమైంది. మా ఇంట్లో పెద్దవాళ్లు నీళ్ల గ్లాసు వైపు చూస్తే చాలు, గ్లాసు వాళ్ల నోటి దగ్గర ఉండాలి. దవాఖానలో అంతా తలకిందులు. రోగి గ్లాసు కోసం పావుగంట తంటాలు పడుతున్నా మనం చూస్తూ నిలబడాలి, చేతులు వెనక్కి కట్టుకుని. మాకు నేర్పే మేడం సికింద్రాబాద్ నుంచి తెల్లచీర కట్టుకుని వచ్చేది. ఆమె నోట రోజంతా ఒకటే మాట: "హ్యాండ్స్ బ్యాక్!" అందుకని ఆమెను మేమంతా హ్యాండ్స్ బ్యాక్ మేడం అనేవాళ్లం (ఆమె లేనప్పుడు). ఒకసారి ఒక తాత మొదటి గుండీతో కుస్తీ పడుతుంటే, నాకు తెలియకుండానే నా చేతులు వెళ్లి మెడదాకా అన్నీ పెట్టేశాయి. మేడం కట్టుగుడ్డ తెచ్చి నా రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టేసింది. తాత నన్ను జాలిగా చూసి, "పాపం, గింత చిన్నపిల్లకు చేతులకేమైందమ్మా?" అని అడిగాడు. "దీనికి జాలి రోగం వచ్చింది తాతా. దీని జాలి మీ చేతిని చంపుతుంది" అంది మేడం. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడకు అమ్మా నాన్నా లేరా, మనసు లేదా అనుకున్నాను.

అలాంటి రోజుల్లో మా గదికి గాజుల పెద్దమ్మ వచ్చింది. నేను పుట్టకముందు నుంచీ లాడ్ బజార్‌లో ఒక సేఠ్ దుకాణం ముందు గద్దె మీద కూర్చుని వచ్చిన ఆడవాళ్లకు గాజులు తొడిగేది. మా అమ్మ పెళ్లి గాజులు కూడా ఆమె తొడిగినవే. నా అన్నవాళ్లెవరూ లేరు, ఉన్నదంతా ఆ గద్దే. పక్షవాతం వచ్చాక కాలు మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది గానీ కుడిచెయ్యి మాత్రం ఒడిలో పెట్టిన మూటలా పడి ఉండేది. "రంజాన్ దాక గద్దె ఆపుతనన్నడు సేఠ్. గిరాకీ దినాలాయె, ఆయన తప్పేమున్నది? గప్పటికి చెయ్యి రాకుంటే గద్దె ఇంకొకళ్లది" అంది. ఏడవలేదు. వేళ్ల కసరత్తుకని మేం మురిపెంగా ముందు పెట్టిన చెక్క ముక్కలూ పూసలూ చూసి మాత్రం కోపం తెచ్చుకుంది. "గీ గోటీలాటేంది? నేను చిన్నపోరినా? గాజులు తెండి!" అంది. మేడం తిడుతుందనుకున్నాం. "తెప్పించండి" అంది. ఎవరి చేతికి తొడగాలి అన్న ప్రశ్న రాగానే నేను చెయ్యి చాచాను. ఇందులోనైనా నా చేతులు వెనక్కి కట్టరు కదా అని నా సంతోషం.

మొదట్లో అన్నీ చిట్లిపోయేవి. కుడిచేతి వేళ్లకు పట్టు లేదు, గాజు నా బొటనవేలి ఎముక దగ్గర ఆగేది, పెద్దమ్మ పళ్లు బిగించేది, టప్‌మనేది. వారాలు గడిచేకొద్దీ ఒకటి ఎక్కింది, తర్వాత రెండు, తర్వాత డజను. ఎక్కించాక "ఊఁ, దండం పెట్టు" అనేది. గాజులు తొడిగించుకున్న పిల్ల తొడిగినామెకు దండం పెట్టకుండా లేవకూడదు, అది మా వైపు ఆనవాయితీ. నేను దండం పెడితే ఆ బరువైన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి నా తలమీద పెట్టేది. నేను గాలిలో తేలుతూ ఇంటికి వచ్చేదాన్ని. మోచేతిదాకా గాజులు చూసి మా అమ్మ, "దవాఖానకు పోతున్నవా, పేరంటానికి పోతున్నవా?" అనేది. "పెద్దమ్మ చెయ్యి నేనే బాగు చేస్తున్న" అని చెప్పేదాన్ని. ఎంత గర్వం! తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రంజాన్ దగ్గర పడుతుండగా మేడం సేఠ్‌ను పిలిపించింది. ఆయన అత్తరు వాసనతో వచ్చి తలుపు దగ్గర మర్యాదగా నిలబడ్డాడు. నేను చెయ్యి చాచబోతే మేడం ఆపి, "ఇవాళ నాకు" అని తన చెయ్యి ముందు పెట్టింది. మేడం జీవితంలో వాచీ తప్ప మరేదీ తొడుక్కోని మనిషి. గాజు ఎముక దగ్గర ఆగింది. పెద్దమ్మ నొక్కింది. చిట్లింది. ఇంకొకటి, అదీ చిట్లింది. మేడం మణికట్టు మీద చిన్న నెత్తుటి గీత. సేఠ్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఠీక్ హై అమ్మా, ఆరామ్ కరో" అని మెల్లగా అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. విశ్రాంతి తీసుకో అన్న మాట అంత కఠినంగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"ఏదీ, అమ్మాయి చేతికి తొడగండి" అంది మేడం. గాజు సర్రున ఎక్కింది. మేడం చూస్తున్నది పెద్దమ్మ చేతిని కాదు, నా చేతిని. "మళ్లీ" అంది. మళ్లీ ఎక్కింది. అప్పుడు నాకూ కనిపించింది. గాజు దగ్గరికి రాగానే నా బొటనవేలు లోపలికి ముడుచుకుంటోంది, ఎముకలు వదులవుతున్నాయి, మణికట్టు ఒక తిప్పు తిరిగి గాజును తనలోకి లాక్కుంటోంది. చిన్నప్పటి నుంచీ గాజులామె ముందు కూర్చున్న ఏ ఆడపిల్ల చెయ్యి అయినా ఆ పని కొంత చేస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు; నాది ఇన్ని వారాల్లో పూర్తిగా నేర్చేసుకుంది. చేతులు వెనక్కి కట్టుకోవడం నేర్చుకున్నాను గానీ, ముందుకు చాచిన చెయ్యి కూడా సాయం చేస్తుందని నాకు తోచనే లేదు. పెద్దమ్మ నా వైపు చూసి, "అంటే గిన్ని దినాలు నువ్వే తొడుక్కున్నవా బిడ్డా?" అని అడిగింది. తర్వాత గోడ వైపు తిరిగింది. ఆ రోజు నా చేతులు ఎవరూ కట్టకుండానే కట్టేసినట్టున్నాయి.

వరండాలో కూర్చుని ఏడుస్తున్నాను. దవాఖాన క్యాంటీన్‌లో పాలు పోయడానికి బాపు సైకిల్ మీద వచ్చాడు. "ఏందే, ఎవడేమన్నడు?" అని మీసం మీద చెయ్యి వేశాడు. సంగతంతా చెప్పాను. చెబుతూ చెబుతూ హ్యాండిల్ మీద ఉన్న ఆయన చెయ్యి చూశాను. పాలు పిండీ పిండీ కాయలు కాసి, బొటనవేలు మడతపడని చెయ్యి. సాయం చేయడం తెలియని చెయ్యి! "బాపూ, నువ్వు గాజులు తొడుక్కుంటవా?" అన్నాను.

"థూ! తల్కాయ ఖరాబైందా? చేతగానోన్ని గాజులు తొడుక్కొని కూసో అంటరు. నా మీసం ఏం కావాలె? గల్లీల తలెత్తుకోవాల్నా వద్దా?"

"అమ్మ పెండ్లికి గాజులు ఏసినామె బాపూ. గద్దె పోతది."

బాపు కిటికీలోంచి గోడ వైపు తిరిగి కూర్చున్న పెద్దమ్మను చూశాడు. సైకిల్‌కు స్టాండ్ వేసి, చొక్కా చేతులు పైకి మడిచి, లోపలికి నడిచాడు. "కానియ్యి అక్కా" అని చెయ్యి చాచి, సూది వేయించుకునేవాడిలా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆ రోజు నుంచీ పాలు పోయడం కాగానే వచ్చి కూర్చునేవాడు. దుకాణంలో ఉన్న అన్నిటికంటే పెద్ద సైజు తెప్పించాం. "గిది చెయ్యా, మొద్దా?" అని పెద్దమ్మ తిట్టేది. తిడుతూ తిడుతూ నవ్వేది. "నేనేం చేయాలె అక్కా?" అని బాపు పాపం చెమటలు కక్కుతూ అడిగేవాడు. మేడం కుర్చీ దగ్గరికి వచ్చి, "మీరు ఏమీ చేయడం లేదు, చాలా బాగా చేస్తున్నారు. మీ అమ్మాయికి కొంచెం నేర్పండి" అనేది. చిట్లిన గాజులు నేనే ఊడ్చి ఎత్తేదాన్ని. రంజాన్ నెల మొదలైపోయింది. ఇక లాభం లేదనుకున్నాను.

ఒక ఉదయం గాజు ఎముక దగ్గర ఆగింది. పెద్దమ్మ కుడిచేతి వేళ్లు తెల్లబడ్డాయి. గాజు కదిలింది, ఎముక దాటింది, జారి మణికట్టు మీద కూర్చుంది. చిట్లలేదు. పెద్దమ్మ గాజు వైపు చూడలేదు, తన చేతినే చూసుకుంది. బాపు కళ్లు తెరిచి, ఏం చేయాలో తెలియక, ఇంత మీసం పెట్టుకుని రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. పెద్దమ్మ ఎడమచేతి సాయం లేకుండా కుడిచెయ్యి ఎత్తి ఆయన తలమీద పెట్టింది. "సల్లగుండు తమ్మీ" అంది. మేడం ఎందుకో కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. ఆ గాజు ఎంతకీ రాక, బాపు సాయంత్రం దానితోనే పాలు పోయడానికి వెళ్లాడు. "ఏంది భాయ్, గాజులు తొడుక్కున్నవ్?" అని గల్లీ అంతా నవ్విందట. "గిది మా బిడ్డ సదువు" అని చెప్పాడట.

పండగ ముందు లాడ్ బజార్ జనంలో తోసుకుంటూ వెళ్లాను. మేడం మళ్లీ కబురు పెట్టగా సేఠ్ తిరిగి ఇచ్చిన గద్దె మీద పెద్దమ్మ ఉంది. మునుపటి వేగం లేదు, మధ్యమధ్య కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని ఆగుతోంది, అయినా ముందు ఆడవాళ్లు ఓపిగ్గా కూర్చున్నారు. నేనూ చెయ్యి చాచాను. ఒక్క దెబ్బ వేసి పక్కకు తోసింది. "నీది దొంగ చెయ్యి, నాకొద్దు. మీ బాపును తోలుకరా పో!" అంది. అందరి ముందూ అలా అన్నందుకు నాకెంత సంతోషమయిందో చెప్పలేను.

తర్వాత ఉద్యోగమంతా నేనూ నా దగ్గర పని నేర్చుకునే పిల్లల మీద "చేతులు వెనక్కి!" అని అరుస్తూనే గడిపాను (నా వెనక వాళ్లు నాకేం పేరు పెట్టారో అడగలేదు). పెద్దమ్మ లేదు, మేడం లేదు, బాపు లేడు. ఈ మధ్య లాడ్ బజార్‌లో గాజులు తొడిగే ఒక చిన్నపిల్ల ముందు కూర్చుని చెయ్యి చాచాను. ఈ వయసుకు నా వేళ్ల కణుపులన్నీ వాచి బిగిసిపోయాయి. "ఆంటీ, చెయ్యి జర ఢీలా ఇడువుండ్రి" అంది విసుగ్గా. విడిచే ఉన్నానమ్మా అన్నాను. కిందికి చూస్తే అది నా చెయ్యి కాదు, అచ్చంగా బాపు చెయ్యి. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కళ్లు గట్టిగా మూసుకుని ఏమీ చేయకుండా కూర్చున్నాను. ఆ పిల్ల చెమటలు పట్టి చివరికి ఎక్కించింది. లేచి దండం పెడితే కంగారుపడింది పాపం. మేడం చూసి ఉంటే, ఇన్నాళ్లకు పాసయ్యావమ్మాయ్ అనేది.