ఒంటికన్ను దరుమ

బెల్టు ఇవ్వకుండా, కింద వల కట్టకుండా మా పెద్దమేస్త్రిని ముప్పై అడుగుల పరంజా ఎక్కించారు. గురువారం పొద్దున ఆయన పడిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కాలు జారిందని మేనేజరు అందరికీ చెబుతున్నాడు. జారింది కాలు కాదు, కాలికింది చెక్క పలక. కిందనుంచి నేను చూశాను.

ఫిల్మ్ నగర్‌లో ఒక పాటకోసం జపాన్ వీధి సెట్టు వేస్తున్నాం. నేను పెయింటర్ని. ఏ బడిలోనూ నేర్చుకోలేదు, ఆయన చెయ్యి చూసి నేర్చుకున్నదే. ఆ సెట్టుకు ఎర్రటి గుండ్రటి బొమ్మలు చేశాం. దరుమ అంటారట. అలవాటుకొద్దీ నేను అన్నిటికీ రెండేసి కళ్లు దిద్దేశాను.

"తుడిచెయ్యమ్మా" అన్నారు ఆయన. "జపాన్‌వాళ్లు ఏదైనా కోరుకుని ఒక కన్ను పెడతారు. తీరాకే రెండోది."

"తీరకపోతే?"

"ఒంటికన్నుతో నిన్నే చూస్తూ కూర్చుంటుంది. నీకన్నా మొండిది."

బొమ్మను వేలితో తోస్తే పడి, మళ్లీ లేచింది. అడుగున బరువు పెడతారు. ఒకదానికి ఆయనే ఒక కన్ను దిద్ది నా చేతిలో పెట్టారు.

"ఏం కోరుకున్నారు మేస్త్రీ?"

"పైకెక్కే ప్రతివాడికీ బెల్టు."

మేనేజరు అటే పోతున్నాడు. "సర్కస్ అనుకుంటున్నావా పెద్దాయనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సెట్టు వీధి చివర చెయ్యెత్తిన పెద్ద పిల్లి బొమ్మ ఉంది. జపాన్‌లో దుకాణాల ముందు పెడతారట, అదృష్టాన్నీ బేరాలనీ పిలవడానికి. అది టాటా చెబుతోందని మేము అనుకున్నాం. "కాదర్రా, రమ్మంటోంది. మనమూ అరచెయ్యి కిందికి పెట్టే కదా పిలుస్తాం" అన్నారు మేస్త్రి. ఆ చేతికే రంగు వేస్తున్నారు గురువారం. పలకమీద నిలబడేముందు మడమతో రెండుసార్లు తట్టడం ఆయన అలవాటు. ఆరోజూ తట్టారు. కట్టు లేని పలక అప్పుడు కదల్లేదు. ఆయన కుంచె చాచగానే జారింది.

రంగు సగంలో ఆగింది. "సోమవారం నువ్వెక్కు" అన్నాడు మేనేజరు నాతో. గేటు దాటగానే ఆ పిల్లి చెయ్యే కనిపిస్తుంది, నన్నే పిలుస్తున్నట్టు. నాకు భయంగా ఉంది. రాయడానికి సిగ్గేమీ లేదు.

ఇది చదివే పనివాళ్లందరికీ చెబుతున్నాను, మేనేజరుకూ చెబుతున్నాను. అందరికీ బెల్టులు, కింద వల, ప్రతి పలకకూ కట్టు. ఇస్తారో ఇవ్వరో ఆదివారం సాయంత్రం ఆరు గంటల్లోపు కాగితంమీద రాసివ్వాలి. లేకపోతే సోమవారం నేనెక్కను. ఆయన దరుమ యూసుఫ్‌గూడలో మా గది కిటికీలో ఉంది. పక్కనే రెండో కంటికి నల్లరంగు కలిపి పెట్టాను.