జ్వరం గీత

మా వీధి మలుపులో ఇస్త్రీ బండివాడు బొగ్గులు రాజేస్తే, ఆ కాలిన ఇనుము వాసన నన్ను చిన్నప్పటి బొమ్మనహళ్ళి రేకుల ఇళ్ళ వరసలోకి లాక్కుపోతుంది. చలికాలమంతా గుమ్మాల ముందు గింజలు ఒలిచేసిన అనపకాయల తొక్కలు, వాటి మధ్య మా గోలీలాట, గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే అమ్మ చీరకంటిన దారప్పోగులు, సిమెంటు తెల్లగా పట్టిన నాయన చేతులు, వీటన్నిటితో పాటు దెబ్బలు. పెద్దవాళ్ళు నోటితో చెప్పలేనిదంతా చేతులతో చెప్పే కాలం అది.

ఏడో తరగతిలో సైన్సు మాస్టారు బోర్డు మీద బస్సు ప్రయాణానికి గ్రాఫు గీసి, గీత ఏం చెబుతోందని అడిగాడు.

"బస్సు గుట్ట ఎక్కతా ఉండాది సార్" అన్నాను.

చెక్క స్కేలు నా వేళ్ళ కణుపుల మీద విరిగింది. నిలువుగీత మీద ఉన్నది దూరమనీ, అడ్డగీత మీద ఉన్నది కాలమనీ, అది గుట్ట బొమ్మ కాదనీ చెప్పడానికి ఆ కొట్టినంత సేపు కూడా పట్టదు. ఆయన చెప్పలేదు.

ఆ నెలలోనే ఆరేళ్ళ చెల్లెలు సుజాతకు టైఫాయిడ్ వచ్చింది. ఆస్పత్రిలో ఆమె మంచానికి ఒక అట్ట వేలాడేది, దాని మీద ఎర్రసిరా గీత. రోజుల తరబడి పైనే ఉన్న ఆ గీత ఒక ఉదయం కిందికి జారింది. నాయన మేస్త్రీ, గీత దిగిందంటే ఆయన కంటికి గోడ కుంగినట్టే.

"సదువుకుంటా ఉండావు గదప్పా, సూడు. ఏమైతా ఉండాది?"

తెలియదంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్నవాణ్ణి. "దిగిపోతా ఉండాది నాయనా" అన్నాను.

"నుదురు సల్లబడె గదరా, బాగయ్యేట్టుండాది" అని చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టి మా అవ్వ గొణిగింది. ఆస్పత్రి కాగితం ముందు ఆమె అరచేతిని ఎవరు నమ్ముతారు?

ఇంక ఆస్పత్రితో కాదనుకుని, నర్సు చూడకుండా నాయన చెల్లెల్ని భుజాన వేసుకొచ్చాడు. వాతలు పెట్టే ముసలాయన ఎర్రగా కాల్చిన కొడవలి కొనను ఆమె పొట్ట మీద మూడుసార్లు ఆనించాడు. కాళ్ళు కదలకుండా పట్టుకున్నది నేనే.

మూడోనాటికి వాతలు పుండ్లై చీము పట్టాయి. మళ్ళీ ఆస్పత్రికే. నర్సు గుడ్డ తీసి చూసి నాయన మీద విరుచుకుపడింది. "అది జ్వరం గీతయ్యా! జ్వరం తగ్గితే గీత దిగతాది. బాగైతా ఉన్న బిడ్డను కాల్చుకొస్తిరా?" నాయన పెదవి చిట్లి రక్తం కారేదాకా తన చెంపలు తానే వాయించుకున్నాడు. నా మీదికి మాత్రం ఆ చెయ్యి లేవలేదు.

ఇవాళ నేనూ సైన్సు మాస్టారినే. నా తరగతిలో స్కేలు ఉన్నది గీతలు గీయడానికే. గీత ఎటు పోతోందని ముందు అడగను. దేన్ని కొలుస్తోందని అడుగుతాను. తమకు పరిచయం లేని విషయం మీద గ్రాఫు పెడితే పెద్ద లెక్చరర్లు కూడా అందులో గుట్టలూ లోయలూ చూడటం నేనెరుగుదును. తెలిసినవాడికి గీత వెనక జ్వరం కనబడుతుంది, తెలియనివాడికి గీత ఒక్కటే కనబడుతుంది. ఆ తేడాను ఏ దెబ్బా పూడ్చదు.

రేకుల ఇళ్ళు పోయాయి. మంచాలకు వేలాడే అట్టలు పోయాయి. సుజాత హూడిలో ఒక కంపెనీలో రోజంతా తెర మీద గ్రాఫులే చదువుతుంది. మా ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం, ఆ ఇస్త్రీ బండి ఇంకా దూరంలో ఉండగానే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తుంది.