చివర దిగేది ముందెక్కాల

పడవల పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున తోటపల్లి గూడూరు బస్సులో కండక్టరు చెప్పాడు. టిక్కెట్టు చింపుతూ మామూలుగానే చెప్పాడు. నేను మాత్రం వెళ్లే పని మరచిపోయి, అక్కడే దిగి వెనక్కి నడిచాను.

బకింగ్‌హాం కాలువ మీద ఆమెకు మూడు పడవలుండేవి. భర్త పోయాక ఉప్పూ సరుగుడు కట్టెలూ మోసే ఆ పడవలను తానే నడిపించింది. నేను పాఠాలు చెప్పే బడికి పక్కిల్లే ఆమెది. చదువు రాదు. నోరు మాత్రం నాకన్నా పెద్దది.

ఒక ఏటి తుఫానుకు సముద్రం వైపు రోడ్డు కొట్టుకుపోయింది. పట్నం పెద్దలు కొందరు సహాయ సంఘం పెట్టి లారీల్లో బియ్యం పంపారు. పంచే పని, అయ్యవారినని, నా నెత్తిన పెట్టారు. లారీలు మా ఊరి దగ్గరే ఆగిపోయాయి. కాలువ గట్టు వెంబడి నాలుగు పాళేల వాళ్లు అప్పటికే రెండు రోజులుగా పస్తున్నారు.

పెద్దమ్మ పడవలిస్తానంది, కూలికి. నాకు ఒళ్లు మండింది. ఇంత ఆపదలో కూలి అడిగే మనిషితో మాకేం పనని వేరెవరిదో పడవ తెచ్చుకుని, వాలంటీర్లతో మేమే బయలుదేరాం. జాబితాలో మొదటి పాళెం మొదట ఉంది కదా అని వాళ్ల మూటలే ముందు ఎక్కించాం. తీరా అక్కడికి చేరితే అవి అడుగున, మిగతా మూడు పాళేలవీ వాటి మీద! అన్నీ బురద గట్టు మీదికి దించాం. ఇంతలో వాన మళ్లీ పట్టుకుంది. తడిసిన బియ్యమంతా ఆ పాళేనికే ఇచ్చేసి తిరిగొచ్చాం. మిగతా మూడింటికి గింజ చేరలేదు.

తలవంచుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె ఎగతాళి చేయలేదు.

"ఊరికే మోసేవోణ్ణి కసరగలవా అయివోరా? కూలి తీసుకున్నోణ్ణయితే నిలబెట్టి అడగొచ్చు. నా పడవోళ్ల ఇండ్లు గూడా పడిపొయినాయి, వాళ్ల పొయ్యి వెలగొద్దా? సేవ నువ్వు చెయ్యి. మోత మాకొదిలెయ్."

సేవను కూలికి అప్పజెప్పడం పరువు తక్కువన్నారు సంఘం పెద్దలు. ఆకలికి పరువు తెలియదని గట్టిగా చెప్పి ఒప్పించాను. ఆ మాట కూడా ఆమె చెప్పి పంపిందే.

మర్నాడు తెల్లవారగానే పెద్దమ్మ పాత చీరలు చింపి మూటలకు పేలికలు కట్టించింది. పాళేనికో రంగు. అక్షరం రాని పడవవాళ్లకు అదే జాబితా. అన్నిటికన్నా దూరపు పాళేనిది ఎర్ర పేలిక. ముందు ఆ మూటలే ఎక్కాయి. "చివర దిగేది ముందెక్కాల" అంటూ పడవ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి ప్రతి మూటనూ అరచేత్తో తడిమి చూసింది. నన్ను గట్టునే ఉండమంది.

ఆ పూట గడిచిన తీరు పగవాడికీ వద్దు. పొద్దు వాలకముందే మూడు పడవలూ ఖాళీగా తిరిగొచ్చాయి. ముందు పడవ గడకు ఎర్ర పేలిక కట్టి ఉంది. దూరపు పాళెంలోనూ పొయ్యి వెలిగిందని దానర్థం. గట్టు మీద అందరి ముందూ ఏడ్చేశాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా ఎరగను. రోడ్డు బాగయ్యేదాకా ఆ పడవలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్క మూట తడవలేదు.

తర్వాత ఆ మాట ఆమెకు ఊతపదమైంది. బస్సు మీదికి గంపలెక్కించే కండక్టర్లనూ, పడవెక్కే పెళ్లివారినీ "ముందెవురు దిగేది?" అని అడిగి గాని వదిలేది కాదు. మంచి మనసుంటే పని అయిపోతుందనుకునే నాకు, పని తెలిసిన చెయ్యి కూడా కావాలని నేర్పింది ఆమే. నేను బడిలో ఎందరికో అయ్యవారిని. నాకు అయ్యవారు ఆమె.

మొన్న నేను వెళ్లేసరికి కాలువ నిండా పడవలు. నాలుగు పాళేల వాళ్లూ వచ్చారు. వల్లకాడు అవతలి గట్టున ఉంది. దుఃఖంలో పడవవాళ్లు చితి కట్టెలు ముందు ఎక్కించేశారు. ఇక పెద్దమ్మను ఎత్తబోతుంటే నేను అడ్డం వెళ్లాను.

"కట్టెలు దించండి. అవతల చితి పేర్చాక కదా పెద్దమ్మ దిగేది. చివర దిగేది ముందెక్కాల."

ముసలి పడవవాడొకడు ఏడుస్తూనే నవ్వాడు. కట్టెలన్నీ దించారు. పెద్దమ్మను ముందుగా ఎక్కించి వెనక కొసన పడుకోబెట్టారు. కట్టెలు ముందు వైపున పేర్చారు. దూరపు పాళెం మనిషి తన తలగుడ్డ అంచు చింపి గడకు కట్టాడు. అది ఎర్రది. పడవ అవతలి గట్టుకు చేరేదాకా అది గాలికి ఎగురుతూనే ఉంది.