పూజలో పెట్టిన లాక్ రాడ్

సెప్టెంబరులో లడఖ్ చేరాను. ట్రక్కు దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ చుర్రుమంటోంది, నీడలోకి అడుగు పెడితే వణుకు. ఎదురుగా నది, ఇటువైపు రేకుల షెడ్డు. అదే మా వర్క్‌షాప్. నా పని బండ్ల మరమ్మతు. తుపాకీ ఇచ్చారు కానీ, అక్కడ ఉన్నన్నాళ్లూ నా చేతిలో ఎక్కువగా ఉన్నది పానా. యుద్ధం కథ కావలసినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మా నిర్మల్‌లో కూడా ఈ మాట చెప్పగానే సగం మంది లేచి వెళ్లిపోతారు.

షెడ్డుకు పెద్ద హవల్దార్. మంచివాడే, పైనుంచి వచ్చిన మాటకు ఎదురు చెప్పడం మాత్రం రాదు. ఆయన కింద నేను, ఒక వెల్డర్. వెల్డర్ సిరిసిల్లవాడు. నా ఊరు తెలియగానే వచ్చి నా పెట్టె తనే మోశాడు.

"మనోళ్లు దొరికిండ్రు, సాలు. తెలుగుల తిట్టేటోడు లేక పరేషానైన," అన్నాడు.

వాళ్ల బాపు పవర్‌లూమ్ మీద పని చేసేవాడు. ఎంత నేసినా ఇల్లు గడవడమే గగనం. వెల్డర్‌కు ఆ మగ్గమంటేనే మంట.

"నాకు గా సప్పుడు వద్దన్నా. సర్వీసు అయినంక ఊర్ల దుకాణం పెడ్త. గేట్లు, గ్రిల్లులు. గీ కుడిచెయ్యే నా పెట్టుబడి," అనేవాడు.

షెడ్డు మధ్యలో మోటర్‌సైకిల్ లిఫ్ట్ ఉండేది. పై పోస్టులకు ఉత్తరాలు, మందులు తీసుకెళ్లే బండ్లు దాని మీదికెక్కేవి. పొడవాటి ఇనుప బల్ల, కింద కత్తెర కాళ్లు. పెడల్ తొక్కితే నూనె ఒత్తిడికి బల్ల నడుము ఎత్తుకు లేస్తుంది. ఆ నూనెను నమ్మొద్దని హవల్దార్ మొదటిరోజే చెప్పాడు. చలికి రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, నూనె కారుతుంది, బల్ల దిగిపోతుంది. అందుకే కత్తెర కాళ్లకు రంధ్రాలు, వాటిలో దూర్చడానికి బొటనవేలంత లావు లాక్ రాడ్. ముందుచక్రం బిగించాలి, బండిని రెండు పక్కలా పట్టీలతో కట్టాలి, బల్ల ఎత్తాలి, రాడ్ దూర్చాలి. ఆ తర్వాతే కిందికి చెయ్యి. వెల్డర్ ఈ విషయంలో నాకంటే చాదస్తుడు. రాడ్ నేను పెట్టినా తను ఒకసారి కదిపి చూసుకునేవాడు.

దసరా వచ్చింది. పొద్దున ఆయుధపూజ. తుపాకులతో పాటు మా పనిముట్లు కూడా కడిగి, షెడ్డు మూలన ఎర్రగుడ్డ మీద పెట్టాం. పండిత్‌జీ అన్నిటికీ బొట్లు పెట్టాడు. పానాలకు ఇంకో పాత సెట్టు ఉంది. లాక్ రాడ్ ఒకటే ఉంది, అదీ పూజలోకి వెళ్లింది. సాయంత్రం హారతి దాకా ఆ గుడ్డ మీది సామాను ఎవరూ తియ్యరు. మా వైపు మగ్గాలున్న ఇళ్లలో కూడా అంతే.

పదకొండింటికి ఫోన్ మోగింది. అవతల కెప్టెన్. ఒక బండికి ఫుట్‌రెస్ట్ దగ్గర చట్రం చిట్లి ఉంది. దాన్ని అతికి నాలుగింటికల్లా గేటు దగ్గర పెట్టమన్నాడు. హవల్దార్ "జీ సాబ్" అన్నాడు.

బండిని లిఫ్ట్ మీదికెక్కించి, పట్టీలు కట్టి, పైకెత్తాం. రాడ్ సంగతి అడిగాను. హవల్దార్ ఎర్రగుడ్డ వైపు చూశాడు.

"హారతి దాకా ముట్టకూడదు. జాగ్రత్తగా కానివ్వండి," అన్నాడు హిందీలో.

బల్ల కింద చెక్క దిమ్మలు పెడదామంటే, ఉన్న నాలుగు దిమ్మలూ చలికి పొయ్యిలో ఎప్పుడో బూడిదయ్యాయి.

"పూజల నుంచి రాడ్ నేను తెస్త," అన్నాను వెల్డర్‌తో.

"వద్దన్నా. మగ్గమున్న ఇంట్ల పుట్టినోణ్ని. పూజల పెట్టింది మా బాపు సుత ముట్టడు. జరసేపు పనే గద."

ఎప్పుడూ రాడ్ కదిపి చూసుకునేవాడే ఆ మాట అన్నాడు. నేను హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. అతుకు బాగా పడింది. చట్రానికి తగిలించిన వెల్డింగ్ వైరు క్లాంపు ఊడి బల్ల కిందికి జారింది. దానికోసం కత్తెర కాళ్ల మధ్య నుంచి చెయ్యి పెట్టాడు. బల్ల దిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

"అన్నా, చెయ్యి," అన్నాడు.

పెడల్ తొక్కి బల్ల లేపాను. హవల్దార్ తన మఫ్లర్ తీసి చుట్టాడు, తర్వాత రేడియో అందుకున్నాడు.

"మోటర్ షెడ్. ఒకడికి దెబ్బ తగిలింది. అంబులెన్స్ పంపండి. ఓవర్."

"దెబ్బ ఎక్కడ? ఓవర్."

హవల్దార్ మఫ్లర్ చుట్టిన చేతి వైపు చూశాడు. "కుడిచెయ్యి. ఓవర్."

పండిత్‌జీ పరుగెత్తుకొచ్చాడు. పక్క గదిలోనే ఉన్నాడాయన. సంగతి విని నేల మీద కూలబడ్డాడు.

"ఒక్క మాట అడగలేదేం? నా చేత్తో తీసి ఇచ్చేవాణ్ని. ఆ ఇనుపముక్క లేకపోతే దేవుడికి ఏం తక్కువ?" అని ఏడ్చాడు.

అడగొచ్చని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. అందరం భక్తిగా ఉన్నామనుకున్నాం.

ఇంతకీ ఆ బండి అంత అర్జంటుగా ఎందుకో సాయంత్రం తెలిసింది. పై పోస్టుకు పండగ మిఠాయి పంపాలట. చివరికి మిఠాయి ట్రక్కులో వెళ్లింది. బండి లిఫ్ట్ మీదే ఉండిపోయింది.

విచారణ జరిగింది. రాడ్ పూజలో ఉందని చెప్పాను, నాలుగింటి గడువు సంగతీ చెప్పాను. రాడ్ షెడ్డులోనే ఉన్నా వెల్డర్ వాడలేదని తేల్చారు. అబద్ధమని అనలేను. అందుకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మిఠాయి ఊసు ఎవరూ ఎత్తలేదు.

వెల్డర్ బొటనవేలు ఒక్కటి మిగిలిన కుడిచేత్తో సిరిసిల్ల చేరాడు. ఇప్పుడు ఇంట్లో నూలు కండెలు చుడుతున్నాడు, వాళ్ల బాపు మగ్గానికే. ఏ సప్పుడు వద్దన్నాడో దాని పక్కనే కూర్చుంటాడు. నేను వెళితే చాయ్ ఎడమచేత్తో ఇస్తాడు.

నేనూ సర్వీసు ముగించుకుని వచ్చేశాను. నిరుడు భైంసాలో ఉండే మా బావ లిఫ్ట్ కొంటానన్నాడు. పాత బరువు బండి ఆయనది, ఆయిల్ మార్చడం, చైన్ కడగడం ఇంట్లోనే చేసుకోవాలని సరదా. ఫోన్లో బొమ్మలు పంపాడు. అన్నీ రంగురంగులవే.

"రంగు జూడకు బావా. బండి బరువు కన్న బాగ ఎక్కువ మోసేది తీస్కో. అడుగు ఎడల్పుగుండాలె, కింద సాపు సిమెంటు నేలుండాలె. అన్నిటికన్న ముందు లాక్ రాడ్ ఉన్నదా లేదా జూడు."

"నూనె జాకీ ఉన్నది గదా, ఇంక రాడ్ ఎందుకు?"

"నూనె కారినా ఇనుము మీద నిలవడాలె. అందుకు."

చెప్పినట్టే కొన్నాడు. దసరాకు భైంసా వెళ్లాను. వాకిట్లో బండి లిఫ్ట్ మీద ఉంది. బావ పీట మీద కూర్చుని కింద చెయ్యి పెట్టి తుడుస్తున్నాడు. రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి.

"బావా, చెయ్యి తియ్యి."

"పండుగ పూట సుత మిలిటరీ ఆర్డరేనా?" అని నవ్వాడు.

"తియ్యి బావా."

నా మొహం చూసి తీశాడు. లోపలికి వెళ్లాను. దేవుడి ముందు పళ్లెంలో రాడ్ ఉంది. అక్క శుభ్రంగా కడిగి బొట్టు పెట్టింది. తీసుకొచ్చి రంధ్రాల్లో దూర్చి, కదిపి చూశాను.

"పూజల పెట్టింది గట్ల గుంజుకపోతవా?" అంది అక్క.

"లిఫ్టుకే బొట్టు పెట్టక్కా. రాడ్ దాంట్లనే ఉంటది."

అక్క విసవిసా వంటింట్లోకి వెళ్లింది. చెయ్యి కడుక్కున్నాను. గోళ్లలో కుంకుమ ఒక పట్టాన పోలేదు.

మీరు అడిగే యుద్ధం నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఆ రోజు వెల్డర్‌ను అంబులెన్స్ ఎక్కించి షెడ్డులోకి తిరిగొచ్చినప్పుడు చూసింది. ఎర్రగుడ్డ మీద, పువ్వుల మధ్య, లాక్ రాడ్ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. దాని మీది బొట్టు కూడా చెరగలేదు.