రేపటి నీళ్లు

మా ఇళ్ల లైన్లో అందరికంటే ముందు పొయ్యి ముట్టించేది నేనే. గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు పోయే ఆ బుద్ధే ఆ ఏడు నా కొంప ముంచబోయింది.

అరవైల చివరి మాట. పెళ్లై గోదావరిఖని వచ్చి అప్పటికి రెండేళ్లు. మా ఆయన బొగ్గుబాయిలో ఫిల్లరు. అంటే, పార లాంటి చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి, తట్టతో మోసి, పట్టాల మీది టబ్బులు నింపే పని. లోపలి ఉక్కకు మనిషి ఉడికిపోతాడు. అందుకని షిఫ్టుకు పోయే ప్రతి మనిషి భుజానా ఒక నీళ్ల సీసా ఉండేది. సీసా అన్నామే గానీ గాజుది కాదు, అల్యూమినియం డబ్బా. దాన్ని నింపి చేతికివ్వడం ఇంటి ఆడదాని పని. కూర లేకపోయినా సర్దుకునేవాళ్లు గానీ, సీసా తక్కువైతే ఇల్లు పీకి పందిరేసేవాళ్లు.

వానలు మొదలైన కొత్తలో గత్తర వచ్చింది. కలరాను మావైపు అలాగే అంటారు. చిన్నప్పుడు ఆ పేరు ఎత్తితేనే మా అమ్మ నోటి మీద కొట్టేది. ముందు నది వైపు గుడిసెల్లో ఇద్దరు పోయారు, తర్వాత మా వెనక లైన్లో ఒక ముసలాయన. పొద్దున నల్లా దగ్గర మాట్లాడిన మనిషి పొద్దుగూకేసరికి లేడు. ఆడవాళ్లమంతా గుమ్మాలకు వేపాకు కట్టి, పోచమ్మకు బెల్లం నీళ్లు సాక పోసి వచ్చాం. ఎప్పుడూ నోరు మూయని నేను ఆ నాలుగు రోజులూ మూసుకున్నాను. అంత భయం.

అప్పుడు డాక్టర్ సాబ్ సైకిలెక్కాడు.

బజార్లో రేకుల కప్పు కింద ఆయన దవాఖాన. కంపెనీ డాక్టరు కాదు, మా ఇంటి డాక్టరు. మా ఇంటికే కాదు, లైన్లో ప్రతి ఇంటికీ. ఏ పిల్లకు ఎప్పుడు దగ్గు పట్టిందో, ఏ ముసలమ్మ గోలీ మింగానని చెప్పి చూరులో దాస్తుందో ఆయనకు తెలుసు. యాభై దాటిన బక్క మనిషి. గొంతు మాత్రం షిఫ్టు సైరన్. దవాఖానలో కూర్చుంటే రోగం వచ్చినవాళ్లే వస్తారు, రానివాళ్లకు ఎవరు చెప్పాలి అనుకున్నాడేమో, రోజూ నల్లా వచ్చే వేళకు తలుపు దగ్గరికేసి లైన్లు తిరిగేవాడు. బిందె వరసలో పెట్టిన ఆడది దాన్ని వదిలి ఎక్కడికి పోతుంది? సరిగ్గా అక్కడ పట్టుకునేవాడు మమ్మల్ని.

"ఇది మన ఊర్ల పుట్టిన గత్తర గాదు," అని మొదలుపెట్టేవాడు. "దేశాలు తిరుగుకుంట, సముద్రాలు దాటుకుంట వచ్చింది. గంత దూరం వచ్చినదాన్ని మనం ఇంట్లకు రానిద్దామా? మూడే మాటలు. నీళ్లు కాగబెట్టుండ్రి. చేతులు కడుగుండ్రి. కుండ మీద మూత పెట్టుండ్రి."

మా పక్కింటి అక్క ఊరుకునే మనిషా? "గదంత జేస్తే పోచమ్మ తల్లికి కోపమొస్తదేమో సారూ?" అంది.

"తల్లి కోపం తల్లి చూసుకుంటది, నీళ్ల సంగతి మనం చూసుకోవాలె. వేరే ఊర్లల్ల కట్టెలు లేక కాగబెట్టుకోలేరు, పాపం. ఇంటి ముంగట బొగ్గు కుప్పలు పోసుకొని మీరెందుకే సచ్చుడు?"

ఆ మాట నాకు సూదిలా దిగింది. నిజమే కదా! ఆ మరునాటి నుంచి తెల్లారుజామున నాలుగింటికే లేచేదాన్ని. పొయ్యి నిండా బొగ్గు వేసి నీళ్లు కుతకుత మసలనిచ్చేదాన్ని. సబ్బు అరిగిపోయేలా చేతులు తోమేదాన్ని. డాక్టర్ సాబ్ ఒకరోజు మా ఇంట్లోకి తొంగిచూసి, నల్లా దగ్గర అందరి ముందూ "గీ బిడ్డను చూసి నేర్చుకోండ్రి" అన్నాడు. ఇంకేం, కాళ్లు నేల మీద ఆనలేదు. మా ఆయన ఒక్కడే సణిగాడు. "లోపల మేమే ఉడుకుతుంటిమి, మల్ల తాగ ఉడుకునీళ్లా? గొంతు దిగుతలేవు." దానికీ నేనే ఉపాయం చేశాను. ఆయన నోరు మూతపడింది.

పది రోజులు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం మా ఆయనతో పనిచేసే ఇద్దరు ఆయన్ని మోసుకొని డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకుపోయారని కబురొచ్చింది. కంపెనీ దవాఖానలో మంచాలు నిండి, నేల మీద చాపలు పరుస్తున్న రోజులవి. నేను పరుగెత్తుకొని పోయేసరికి బల్ల మీద పడుకొని ఉన్నాడు. పొద్దున ఇంట్లోంచి పోయిన మనిషి కాదు. కళ్లు గుంటల్లోకి పోయాయి. వేళ్లు బట్టలుతికిన చేతుల్లా ముడతలు పడ్డాయి. పిక్కలు పట్టేసి మూలుగుతున్నాడు. చేతికి సెలైన్ సూది ఉంది. డాక్టరమ్మ, అంటే డాక్టర్ సాబ్ భార్య, పక్కన కూర్చొని ఉప్పు కలిపిన గంజి చెంచాతో నోట్లో పోస్తోంది. నన్ను చూశాడు. చూసి, ఎవరో అన్నట్టు కళ్లు మూసుకున్నాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. గదినిండా జనం ఉన్నారని కూడా చూడలేదు.

"కాగబెట్టుమంటివి, కాగబెట్టిన! కడుగుమంటివి, కడిగిన! మూత పెట్టుమంటివి, పెట్టిన! అందరి ముంగట మెచ్చుకుంటివి గద నన్ను? కాగబెట్టనోళ్ల మొగోళ్లు మంచిగ తిరుగుతున్నరు, నా మొగడు బల్ల మీద పడె. ఏం డాక్టరువయ్యా నువ్వు?"

ఇప్పుడు తలచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇంకొకడైతే బయటికి గెంటించేవాడు. ఆయన సెలైన్ సీసా వైపు చూసి, చుక్కలు సరిగా పడుతున్నాయనుకున్నాక, చేతులు కడుక్కొని నా దగ్గరికి వచ్చాడు.

"ఎట్ల కాగబెట్టినవో నాకు చూపిస్తవా బిడ్డా?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఎక్కడ్నో ఒక సందున్నది. అందులకెల్లే వచ్చింది. అది మూయకపోతే రేపు ఇంకొకడు పడ్తడు."

నేను కదల్లేదు. డాక్టరమ్మ తలెత్తి, "పో చెల్లె. నేనున్న గద, చెంచా ఆపను," అంది. ఆ మాట మీదే వెళ్లాను.

మా ఇల్లు రెండు సందుల అవతల. పొయ్యి ముట్టించాను. ఆయన ఇంకేం చెప్పలేదు, పీట కూడా అడగకుండా నేల మీద కూర్చొని చూశాడు. నీళ్లు మసిలాయి. "ఇంకా?" అని నేను కోపంగా అడిగితే "నువ్వు రోజు ఎంతసేపు ఉంచుతవో గంతసేపే" అన్నాడు. దించాను. ఇంట్లో ఉన్న ఇంకో సీసా కడిగాను. మసిలిన నీళ్లు సగానికి పోశాను. ఆ తర్వాత ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే, రోజూ చేసినట్టే, మూలనున్న కుండ మూత తీసి చెంబు ముంచాను.

"అదేంది?" అన్నాడు.

"చన్నీళ్లు. ఉడుకునీళ్లు ఆయన తాగడు. స్నానానికి తొలిపినట్టు తొలిపి ఇస్త."

"ఆ కుండల నీళ్లు కాగినయేనా?"

కుండ వైపు చూశాను. నల్లా దగ్గర పట్టినవి పట్టినట్టే పోసిన నీళ్లు. సినిమాల్లో అయితే ఇలాంటప్పుడు చెంబు జారి కింద పడుతుంది. నా చేతిలోది జారలేదు. బిగబట్టుకొని నిలబడ్డాను. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడని పెద్దలు అన్నది సంసారం గడుపుకోవడం గురించి. నేను గత్తరకు తోడిచ్చాను. పది రోజులు, నా చేత్తో, మూత బిగించి మరీ.

"నేనే చంపుకున్ననా సారూ?" అన్నాను.

"సావలే. సావనియ్య," అన్నాడు ఆయన. లేచి నిలబడి నుదురు రుద్దుకున్నాడు. "తప్పు నాది బిడ్డా. కాగబెట్టుమన్న గని, కాగినంక ఎట్ల జెయ్యాల్నో చెప్పలే. ఉడుకునీళ్లు భుజానేసుకొని బాయిల ఎవడు దిగుతడు? గింత ముచ్చట నా బుర్రకు తట్టలే."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను.

ఏడుపు విని పక్కింటి అక్క గుమ్మంలోకి వచ్చింది. ఆయన చెంబు వైపు చూపకుండా, "కాగిన నీళ్లల్ల నువ్వేమన్న కలుపుతున్నవా అమ్మా?" అని అడిగాడు. "నేనా? రామరామ! చుక్క కలపను," అంది అక్క. ఆమె కలపడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. డాక్టర్ సాబ్ ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. అడిగితే లైన్లో ఒక్కతీ ఒప్పుకోదని ఆయనకు అక్కడే అర్థమైంది.

మరునాడు మా ఆయన ఇంకా సెలైన్ మీదే ఉన్నాడు. నేను నీళ్లకని నల్లా దగ్గరికి వచ్చాను. డాక్టర్ సాబ్ సైకిల్ దిగుతూనే నవ్వు మొహం పెట్టాడు.

"మా ఇంట్ల ఏమైందో ఎరుకేనా? మా ఆమె నీళ్లు కాగబెడుతున్నదని నేను ఊరంత చెప్పుకుంట తిరుగుతున్న. చూస్తే ఏముంది, కాగబెట్టి, అండ్ల చన్నీళ్లు తొలుపుతున్నది! డాక్టర్ ఇంట్లనే గిట్ల!"

లైనంతా పగలబడి నవ్వింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. నవ్వు ఆగకముందే ఒకామె, "అయ్యో, నేను గూడ తొలుపుత గద సారూ!" అంది. ఆ వెనక ఇంకొకామె. ఆ వెనక, చుక్క కలపనన్న మా అక్క. డాక్టరమ్మే చేసిందంటే ఇంక మనకు సిగ్గేంటి అన్నట్టు ఒక్కొక్కరే బయటపడ్డారు.

"అయితే ఇంకో మాట," అన్నాడు ఆయన. "రేపటి నీళ్లు ఇయ్యాల్నే కాగాలె. పొద్దుగూకంగ కాగబెట్టుండ్రి. మూత పెట్టి ముట్టకుండ్రి. తెల్లారి అండ్లకెల్లే సీస నింపుండ్రి. చన్నీళ్లు గావాలంటే, కాగినయే సల్లగ గావాలె."

అప్పటి నుంచి ఆయన ఎవరినీ అడగడం మానేశాడు. ఇంటింటికీ పోయి, "చేసి చూపించు" అని కూర్చునేవాడు. సగం రాజుకున్న పొయ్యి ముందు అంత ఓపికగా కూర్చున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మూడో రోజు మా ఆయన తనంతట తాను నీళ్లడిగాడు. గ్లాసు అందుకొని, అలవాటు పోక, "సల్లగున్నయా?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, "సల్లగనే ఉన్నయ్ అన్నా, నిన్నటియి," అంది. నేను బయటికి పోయి గోడకానుకొని, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి తీసుకున్నాను.

వానలు వెనకబట్టేసరికి గత్తర తగ్గిపోయింది. మా లైన్లో ఆ తర్వాత ఎవరూ పడలేదు. మా ఆయన మళ్లీ డ్యూటీ ఎక్కాడు. తగ్గనిది ఒక్కటే, డాక్టరమ్మ మీద నవ్వు. "డాక్టర్ పెండ్లాంకు నీళ్లు కాగబెట్ట రాదట" అని నల్లా దగ్గర రోజూ ఒకరు ఎత్తుకునేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. పాపిష్టిదాన్ని, అందరికంటే గట్టిగా నవ్వేదాన్ని. నా మొగుడి నోట్లో రెండు రోజులు గంజి పోసిన మనిషి మీద!

ఒకరోజు ఆమె బాలింతను చూడడానికి మా లైన్‌కు వచ్చింది. నల్లా వరస అంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అక్క ఉండబట్టలేక, "డాక్టరమ్మా, నీళ్లు సల్లగయినయా?" అని అడిగింది.

"అయినయక్కా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న," అంది ఆమె నవ్వుతూ. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉంటే బతికిపోయేదాన్ని. లేదు. వెంటనే చూపు తిప్పేసుకుంది, నేను దొరికిపోకుండా.

"ఆమె గాదు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "తొలిపింది నేను. నా మొగన్ని బల్ల మీదికి తెచ్చింది నేను. సారు నన్ను బయటపెట్టొద్దని ఆమె పేరు చెప్పిండు."

మా అక్క నోటి మీది కొంగు దించింది.

డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఆయన ముందుగాల నన్ను అడిగే చెప్పిండు చెల్లె. వాళ్లు నవ్వితే నాకేం తరిగింది?" అంది. నా చేతిలోంచి బిందె తీసుకొని నల్లా కింద పెట్టింది. "గిప్పుడన్న మా ఇంటికొచ్చి చాయ తాగుతవా? గిన్ని దినాల సంది నన్ను చూస్తే సందు మారుతున్నవ్."